ఒకే కాలమ్ అడిగినా ట్యూపుల్స్ ఎందుకు వస్తున్నాయి? విలువలను మాత్రమే తీసుకోవడం ఎలా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. పైథాన్ నుంచి డేటాబేస్‌తో పనిచేయడానికి వాడే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లైబ్రరీలో యూజర్ టేబుల్ నుంచి ఐడి అనే ఒక్క కాలమ్‌ను అడిగారు. [1, 2, 3] వస్తుందనుకుంటే [(1,), (2,), (3,)] వచ్చింది, అంటే ఒక్కో విలువా ట్యూపుల్ అనే కట్టలో చుట్టి వచ్చింది. ఇప్పుడు ప్రతి చోటా లూప్ పెట్టి, ఒక్కో వరుసలో సున్నా స్థానంలో ఉన్నదాన్ని బయటికి తీస్తున్నారు. ఇది సరైన పద్ధతేనా, ఇంతకన్నా మంచి దారి ఉందా అన్నది మీ సందేహం.

మంచి దారి ఉంది. సెషన్.స్కేలర్స్(సెలెక్ట్(యూజర్.ఐడి)).ఆల్() అని రాయండి. విలువల లిస్ట్ నేరుగా చేతికి వస్తుంది. ఈ మెథడ్ సెషన్‌కు 1.4.24 వెర్షన్‌లో వచ్చింది, 2.0 లో ఇదే వాడుక. అంతకు ముందరి 1.4 వెర్షన్లలో ఉంటే సెషన్.ఎగ్జిక్యూట్(...).స్కేలర్స్().ఆల్() అని రెండు అడుగుల్లో రాయాలి, ఫలితం ఒకటే. ఇంకా పాత సెషన్.క్వెరీ పద్ధతిలోనే ఉండిపోవలసి వస్తే లూప్ తప్పదు. కానీ ఆ లూప్‌లో కూడా వరుస[0] అని తీయకుండా, ఫర్ (ఐడి,) ఇన్ ఫలితం అని ట్యూపుల్‌ను విడదీయండి. రేపు ఎవరైనా ఆ క్వెరీకి రెండో కాలమ్ చేరిస్తే, విడదీసే కోడ్ అక్కడికక్కడే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సున్నా స్థానం తీసే కోడ్ మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తూనే ఉంటుంది, ఆ కొత్త కాలమ్ ముందు చేరితే తప్పుడు విలువలను కూడా అంతే నిశ్శబ్దంగా అందిస్తుంది.

ఇక కారణం. డేటాబేస్ దృష్టిలో ఏ సెలెక్ట్ ఫలితమైనా ఒక టేబులే. ఒకే కాలమ్ ఉన్న టేబుల్ కూడా టేబులే తప్ప జాబితా కాదు. పైథాన్ డేటాబేస్ డ్రైవర్లలో చాలావరకు పాటించే పెప్ 249 అనే ప్రమాణం ప్రకారం ఫెచ్‌ఆల్ ఇచ్చేది వరుసల సీక్వెన్స్, ప్రతి వరుసా తనంతట తాను విలువల సీక్వెన్స్. కాలమ్‌లు ఎన్ని ఉన్నా ఈ ఆకారం మారదు. మారకపోవడం వల్లనే, ఎన్ని కాలమ్‌లు వస్తాయో ముందుగా తెలియని కోడ్‌ను ప్రత్యేక షరతులేవీ లేకుండా రాయగలుగుతున్నాం. దీనికి భిన్నమైన నిర్ణయం తీసుకున్న లైబ్రరీ కూడా ఉంది: జావాలోని హైబర్నేట్‌లో ఒక్క ఫీల్డ్‌ను సెలెక్ట్ చేస్తే ఆ విలువల లిస్టే వస్తుంది, రెండు ఫీల్డ్‌లు అడిగితే ఆబ్జెక్ట్ అర్రేల లిస్ట్ వస్తుంది. మొదట చూసినప్పుడు అదే సౌకర్యంగా అనిపిస్తుంది. అయితే టైప్ ప్రకటించకుండా రాసిన పాత క్వెరీలకు రెండో ఫీల్డ్ చేర్చిన రోజున, కంపైల్ అయిన కోడ్ నడిచేటప్పుడు క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్‌తో పడిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అడిగినదాన్ని బట్టి ఆకారం మారడం కన్నా, ఆకారం ఎప్పుడూ ఒకటిగానే ఉండి, వేరే ఆకారం కావాలంటే దాన్ని మనమే పేరుపెట్టి అడగడం మేలని నా అభిప్రాయం. స్కేలర్స్ అనే మాటకు అర్థం అదే: నాకు వరుసలు వద్దు, ఒంటి విలువలు కావాలి.

పాత క్వెరీ పద్ధతి నుంచి వచ్చినవారికి ఇక్కడ ఒక గందరగోళం ఎదురవుతుంది. సెషన్.క్వెరీ(యూజర్).ఆల్() అంటే యూజర్ ఆబ్జెక్టులే నేరుగా వచ్చేవి, సెషన్.క్వెరీ(యూజర్.ఐడి).ఆల్() అంటే మాత్రం ట్యూపుల్స్ వచ్చేవి. అంటే ఒకే లైబ్రరీలో ఒంటరి ఆబ్జెక్టుకు ఒక నియమం, ఒంటరి కాలమ్‌కు మరొక నియమం ఉండేవి. కొత్త సెలెక్ట్ పద్ధతిలో ఈ తేడా పోయింది. సెలెక్ట్(యూజర్)ను ఎగ్జిక్యూట్ చేసినా ఒక్క ఆబ్జెక్ట్ ఉన్న వరుసలే వస్తాయి కాబట్టి, అక్కడ కూడా స్కేలర్స్ అవసరమవుతుంది.

ఇదంతా కేవలం రాత సౌలభ్యం గురించి అయితే నేను ఇంత వివరంగా రాసేవాణ్ణి కాదు. ట్యూపుల్‌ను ట్యూపుల్‌గానే వదిలేస్తే ఏమవుతుందో నా అనుభవంలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. ప్రతి రాత్రి బయటి నుంచి వచ్చే ఒక ఫైల్‌ను చదివి, మన టేబుల్‌లో అప్పటికే లేని లావాదేవీలను మాత్రమే చేర్చే ప్రోగ్రామ్ అది. ముందుగా టేబుల్‌లోని రిఫరెన్స్ నంబర్లన్నిటినీ సెషన్.క్వెరీ(లావాదేవీ.రిఫరెన్స్).ఆల్() అని తెచ్చి ‘ఉన్నవి’ అనే పేరుతో దాచారు. ఆ తరువాత ఫైల్‌లోని ఒక్కో పంక్తికి, ఇఫ్ రిఫరెన్స్ నాట్ ఇన్ ఉన్నవి అని సరిచూసి, లేకపోతే చేర్చారు. చదవడానికి ఎంత సహజంగా ఉందో చూడండి. కానీ ‘ఉన్నవి’లో ఉన్నది 'ఏ-1042' కాదు, ('ఏ-1042',). స్ట్రింగ్‌నూ ట్యూపుల్‌నూ పోల్చితే పైథాన్ ఎర్రర్ ఇవ్వదు, సమానం కాదని మాత్రమే చెబుతుంది. అందువల్ల ఆ షరతు ప్రతి పంక్తికీ నిజమే అయ్యేది. రిఫరెన్స్ కాలమ్ మీద యూనిక్ నియమం, అంటే ఒకే విలువను రెండోసారి చేరనివ్వని నియమం, లేదు. ఫైల్‌లో నిన్నటి పంక్తులు మళ్ళీ వచ్చిన ప్రతిసారీ అవి రెండోసారి, మూడోసారి చేరిపోయాయి.

టెస్టులు దీన్ని ఎందుకు పట్టుకోలేదని మీరు అడగవచ్చు. ప్రతి టెస్టూ ఖాళీ టేబుల్‌తో మొదలయ్యేది, ఫైల్‌ను ఒక్కసారి మాత్రమే చదివించేది. ఖాళీ టేబుల్‌లో ఏదీ ఉండదు కాబట్టి అన్నీ చేర్చడమే సరైన సమాధానం, తప్పు కోడ్ కూడా ఆ సమాధానమే ఇచ్చింది. మేము చేసిన సవరణ ఒక్క పంక్తి: ఉన్నవి = సెట్(సెషన్.స్కేలర్స్(సెలెక్ట్(లావాదేవీ.రిఫరెన్స్))). సెట్ కావడం వల్ల వెతకడం కూడా త్వరగా జరుగుతుంది, లిస్ట్‌లో అయితే ప్రతి పంక్తికీ మొదటి నుంచి చివరిదాకా తడమాలి. దానితో పాటు టేబుల్ మీద యూనిక్ నియమం పెట్టి, ఒకే ఫైల్‌ను రెండుసార్లు చదివించే టెస్ట్ రాశాము. ఒకే కాలమ్ ఫలితాన్ని ‘ఇన్’తో పోల్చే కోడ్ మీ ప్రాజెక్టులో ఎక్కడ ఉన్నా, ఈ రోజే వెతికి చూడండి. జేసన్‌గా మార్చేటప్పుడు అయితే 1.4 నుంచి వరుస ఆబ్జెక్ట్ జేసన్‌కు మారదని ఎర్రర్ వస్తుంది, కనుక ఆ తప్పు వెంటనే బయటపడుతుంది. పోలికలో జరిగే తప్పుకు అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు.

ట్యూపుల్ సమస్య తీరాక కూడా విలువ టైప్ ఏమిటో ఒకసారి చూసుకోవాలి. కాలమ్ ఇంటీజర్ అయితే వచ్చేది 1042, ఫైల్‌లో ఉండేది '1042' అనే స్ట్రింగ్. కాలమ్ యూయూఐడీ అయితే వచ్చేది సాధారణంగా యూయూఐడీ ఆబ్జెక్ట్, దాన్ని స్ట్రింగ్‌తో పోల్చినా పై కథే పునరావృతమవుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది అనేక వరుసల్లో ఒక కాలమ్ గురించి. ఒకే వరుసలోని ఒకే విలువ కావాలంటే, ఎన్ని వరుసలు రావచ్చో ఆలోచించి మెథడ్‌ను ఎంచుకోండి. తప్పనిసరిగా ఒక వరుస ఉండాలి, ఒకటికి మించకూడదు అంటే స్కేలర్_వన్ వాడాలి. లేకపోయినా, ఎక్కువ ఉన్నా అది ఎక్సెప్షన్ ఇస్తుంది. ఉండవచ్చు, ఉండకపోవచ్చు, కానీ రెండు మాత్రం ఉండకూడదు అంటే స్కేలర్_వన్_ఆర్_నన్. ఉత్త స్కేలర్ అయితే మొదటి వరుసలోని మొదటి కాలమ్‌ను ఇచ్చి మిగతా వరుసలను పట్టించుకోదు. ఇక్కడే పాత కోడ్‌ను మార్చేవారు జారిపడతారు. పాత క్వెరీ.స్కేలర్ ఒకటికన్నా ఎక్కువ వరుసలు వస్తే మల్టిపుల్ రిజల్ట్స్ ఫౌండ్ అనే ఎక్సెప్షన్ ఇచ్చేది, కొత్త సెషన్.స్కేలర్ ఇవ్వదు. పేరు ఒకటే కదా అని యథాతథంగా మార్చుకుంటే, ఇంతకాలం మిమ్మల్ని కాపాడిన ఒక తనిఖీ మాయమైపోతుంది. పాత పిలుపు స్థానంలో రాయవలసింది స్కేలర్_వన్_ఆర్_నన్.

విలువ లేదని చెప్పే పైథాన్ మాట నన్ గురించి మరొక మాట చెప్పాలి. స్కేలర్ నుంచి నన్ వస్తే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు: అసలు వరుసే లేదు, లేదా వరుస ఉంది కానీ ఆ కాలమ్‌లో డేటాబేస్ ఖాళీ గుర్తు అయిన నల్ ఉంది. స్కేలర్_వన్_ఆర్_నన్‌కూ ఇదే వర్తిస్తుంది. యూజర్ లేకపోవడమూ, యూజర్ ఉండి ఫోన్ నంబర్ ఇవ్వకపోవడమూ మీ ప్రోగ్రామ్‌కు వేర్వేరు విషయాలైతే, ఒంటి విలువ అడగడం అక్కడ సరైన పని కాదు. వన్_ఆర్_నన్‌తో వరుసనే తీసుకోండి. అప్పుడు వరుస లేకపోతే నన్, ఉంటే (నన్,) వస్తాయి, రెండింటినీ విడిగా గుర్తించవచ్చు. ఇంతసేపూ వద్దన్న ట్యూపుల్ ఇక్కడ పనికివచ్చింది.

స్కేలర్స్‌లో కూడా ఒక కనిపించని గుంట ఉంది. సెలెక్ట్‌లో రెండు కాలమ్‌లు పెట్టి స్కేలర్స్ పిలిస్తే ఎర్రర్ రాదు. మొదటి కాలమ్ మాత్రమే వచ్చి, రెండోది జారిపోతుంది. స్కేలర్స్ దగ్గరికి వచ్చే సెలెక్ట్‌ను అదే పంక్తిలోనో, అదే ఫంక్షన్‌లోనో రాయడం నా అలవాటు. ఎక్కడో తయారైన సెలెక్ట్‌ను పారామీటర్‌గా తీసుకుని దాని మీద స్కేలర్స్ పిలిచే సహాయక ఫంక్షన్లను నేను రివ్యూలో అంగీకరించను, ఎందుకంటే ఆ సెలెక్ట్‌కు కాలమ్ చేర్చే వ్యక్తికి ఈ ఫంక్షన్ ఉన్న సంగతే తెలియదు.

ఇక చాలామంది వేసే మరో దారి: ఆబ్జెక్టులన్నీ తెచ్చుకుని, వాటిలోంచి ఒక్క ఫీల్డ్‌ను లిస్ట్ కాంప్రిహెన్షన్‌తో ఏరుకోవడం. యూజర్లను మొత్తంగా తెచ్చి, ఒక్కో యూజర్ నుంచి ఈమెయిల్ తీయడం లాంటిది. ఫలితం సరిగ్గానే ఉంటుంది, చిన్న టేబుళ్ళలో తేడా కనిపించదు. కానీ ఒక్క కాలమ్ కోసం టేబుల్‌లోని కాలమ్‌లన్నీ నెట్‌వర్క్ మీదుగా వస్తాయి, ఒక్కో వరుసకు ఒక ఆబ్జెక్ట్ తయారవుతుంది, ఆ ఆబ్జెక్ట్ సెషన్ లెక్కల్లోకి కూడా చేరుతుంది. డేటాబేస్ లోపల జరిగే పని ఇంకా ఎక్కువ. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుస దాదాపు 2 కిలోబైట్ల పరిమితిని దాటితే, దానిలోని పెద్ద విలువలను కుదించో, టోస్ట్ అనే వేరే టేబుల్‌లోకి తరలించో దాస్తారు. ఐడి మాత్రమే అడిగితే ఆ వేరే టేబుల్‌ను ముట్టుకోనక్కరలేదు, మొత్తం ఆబ్జెక్ట్ అడిగితే ప్రతి వరుసకూ అక్కడికి వెళ్ళి విలువలను తెచ్చి విప్పాలి. ఒక డాక్యుమెంట్ల టేబుల్ నుంచి శీర్షికల జాబితా మాత్రమే చూపే పేజీ నత్తనడక నడుస్తోందని నా దగ్గరికి వచ్చింది. చూస్తే ఆ జాబితా కోసం ప్రతి డాక్యుమెంట్ పూర్తి పాఠాన్నీ చదువుతున్నారు. సెలెక్ట్‌లో శీర్షికను మాత్రమే ఉంచడం తప్ప నేను అక్కడ మరేమీ చేయలేదు, పేజీ వెంటనే తెరుచుకోవడం మొదలైంది. అడిగిన కాలమ్ ఇండెక్స్‌లోనే ఉంటే ఇంకా మంచిది: పోస్ట్‌గ్రెస్‌లో 2012 నాటి 9.2 వెర్షన్ నుంచి, అనుకూలించినప్పుడు టేబుల్‌ను తెరవకుండా ఇండెక్స్ నుంచే జవాబు ఇచ్చే వీలుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీ, అంటే సాధారణంగా ఐడి, ఉంటుంది కాబట్టి, షరతు ఆ ఇండెక్స్‌తోనే తీరిపోయే సందర్భాల్లో ఐడీలు మాత్రమే అడిగే క్వెరీలకు ఇది దాదాపు ఉచితంగా దొరుకుతుంది.

కాలమ్ అడగడానికీ ఆబ్జెక్ట్ అడగడానికీ వేగానికి సంబంధం లేని తేడా కూడా ఒకటి ఉంది, దీన్ని తెలుసుకోకపోతే గంటల తరబడి తల పట్టుకోవలసి వస్తుంది. ఒక సెషన్‌లో ఒక యూజర్‌ను ఇప్పటికే చదివి ఉంటే, అదే యూజర్‌ను మళ్ళీ క్వెరీ చేసినప్పుడు ఎస్‌క్యూఎల్ డేటాబేస్ దాకా వెళ్తుంది, కానీ తిరిగి వచ్చిన కొత్త విలువలను సెషన్ పక్కన పెట్టి, తన దగ్గరున్న పాత ఆబ్జెక్టునే మీకు ఇస్తుంది. కాలమ్ మాత్రమే అడిగితే చదివిన ఆబ్జెక్టులను సెషన్ ఇలా గుర్తుపెట్టుకునే పట్టిక, ఐడెంటిటీ మ్యాప్, ప్రమేయం ఉండదు. డేటాబేస్ ఏమి చెప్పిందో అదే వస్తుంది. ఇతరులు కమిట్ చేసిన మార్పులు ఆ తరువాతి క్వెరీకి కనిపించే రీడ్ కమిటెడ్ స్థాయిలో, మధ్యలో వేరే ట్రాన్సాక్షన్ బ్యాలెన్స్‌ను మార్చి కమిట్ చేసి ఉంటే, యూజర్.బ్యాలెన్స్ పాత అంకెను, సెలెక్ట్(యూజర్.బ్యాలెన్స్) కొత్త అంకెను చూపిస్తాయి. రెండూ తమ నియమాల ప్రకారం సరైనవే. ఆబ్జెక్టునే తాజాగా చూడాలనుకుంటే రిఫ్రెష్ చేయాలి. అలాగే కాలమ్ ద్వారా వచ్చిన విలువ ఉత్త విలువే. దాన్ని మార్చినంత మాత్రాన ఏదీ సేవ్ కాదు, క్లాస్‌లో రాసుకున్న ప్రాపర్టీలు కూడా దానికి వర్తించవు. మార్పులు చేయాల్సి ఉంటే ఆబ్జెక్టులే తెచ్చుకోండి. పెద్ద కాలమ్‌లు మాత్రం వద్దనుకుంటే లోడ్_ఓన్లీతో కొన్నింటికే పరిమితం చేయవచ్చు, కానీ ఆ తరువాత వదిలేసిన కాలమ్‌ను ముట్టుకుంటే ఒక్కో ఆబ్జెక్టుకు ఒక్కో క్వెరీ వెళ్తుందని మరువవద్దు.

మీరు ఆ ఐడీల లిస్ట్‌ను ఎందుకు తెస్తున్నారో ప్రశ్నలో రాయలేదు. నా అనుభవంలో సగానికి పైగా సందర్భాల్లో, అలా తెచ్చిన లిస్ట్‌ను తిరిగి మరో క్వెరీలోని ఇన్ షరతులోకే పంపుతారు. మీది కూడా అలాంటిదే అయితే, ఆ లిస్ట్‌ను పైథాన్‌లోకి తేవనే వద్దు. ఆర్డర్.యూజర్_ఐడి.ఇన్_(సెలెక్ట్(యూజర్.ఐడి).వేర్(...)) అని సెలెక్ట్‌నే లోపల పెడితే, అంతా ఒకే క్వెరీగా డేటాబేస్‌లోనే పూర్తవుతుంది. లిస్ట్ పంపే పద్ధతికి పరిమితులు కూడా ఉన్నాయి: ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక క్వెరీలో 2,100 పారామీటర్లకు మించి తీసుకోదు, పోస్ట్‌గ్రెస్ ప్రోటోకాల్ 65,535 దగ్గర ఆగుతుంది, ఎస్‌క్యూలైట్‌లో 3.32.0 కు ముందు డిఫాల్ట్ పరిమితి 999 మాత్రమే. పరీక్షించేటప్పుడు పది ఐడీలతో చక్కగా నడిచిన కోడ్ అసలు డేటా పెరిగిన రోజున పడిపోవడానికి ఇదే కారణం. నాట్ ఇన్ వాడేటప్పుడు మాత్రం లోపలి సెలెక్ట్‌లో ఒక్క నల్ వచ్చినా మొత్తం ఫలితం ఖాళీ అవుతుంది, ఎందుకంటే నల్‌తో పోలిక నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఆ కాలమ్ నల్‌ను అనుమతించేదైతే లోపలే దాన్ని వడకట్టండి, లేదా నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి.

వేరే లైబ్రరీల్లో పనిచేసేవారు కూడా ఈ సమాధానం చదువుతారు కనుక కొన్ని మాటలు. జాంగోలో దీనికి వాల్యూస్_లిస్ట్('ఈమెయిల్', ఫ్లాట్=ట్రూ) ఉంది. ఫ్లాట్ ఇచ్చి రెండు ఫీల్డ్‌లు అడిగితే టైప్ ఎర్రర్ ఇస్తుంది, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ కూడా ఇలాగే చేసి ఉంటే బాగుండేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అయితే జాంగోలో దీన్ని డిస్టింక్ట్‌తో (ఒకే విలువ మళ్ళీ రాకుండా చేసేదానితో) కలిపినప్పుడు జాగ్రత్త అవసరం. మోడల్ మెటాలో ఆర్డరింగ్ పెట్టి ఉంటే ఆ ఫీల్డ్ కూడా సెలెక్ట్‌లోకి చేరుతుంది, అందువల్ల ఉదాహరణకు స్టేటస్ కాలమ్‌లో వేర్వేరు విలువలు మూడే ఉన్నా అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఖాళీ ఆర్డర్_బై() పిలిచి ఆ క్రమాన్ని తీసేస్తే సరిపోతుంది. రూబీలోని రైల్స్‌లో ఇదే పనికి ప్లక్ ఉంది. ఒంటి విలువకు 2019 నాటి 6.0 లో పిక్ వచ్చింది. ప్లక్ పిలిచిన వెంటనే క్వెరీ నడిచి అర్రే వస్తుంది కాబట్టి, వేర్ లోపల ప్లక్ పెడితే రెండు క్వెరీలు, సెలెక్ట్ పెడితే సబ్‌క్వెరీతో ఒకటే. పీహెచ్‌పీలోని లారావెల్‌లో ప్లక్, వాల్యూ అనేవి ఇవే పనులు చేస్తాయి.

మీ కోడ్ విషయానికి తిరిగి వస్తే, నేను మీ స్థానంలో ఉంటే ముందుగా సున్నా స్థానం తీసే లూపులన్నిటినీ వెతికి, ఒక్కోదాని దగ్గర ఆ విలువలు తరువాత ఎక్కడికి వెళ్తున్నాయో చూస్తాను. మరో క్వెరీలోకి వెళ్తుంటే సబ్‌క్వెరీగా మారుస్తాను, పోలికకు అయితే సెట్‌గా, మిగతావాటిని స్కేలర్స్ పెట్టి లిస్ట్‌గా మారుస్తాను. లక్షల వరుసలు వచ్చే చోట ఆల్() పిలవకుండా, సెలెక్ట్‌కు ఎగ్జిక్యూషన్_ఆప్షన్స్(యీల్డ్_పర్=1000) ఇచ్చి, వెయ్యేసి వరుసల చొప్పున తెచ్చుకుంటూ నేరుగా లూప్ చేస్తాను. అయితే అలా లూప్ చేసిన ఫలితం ఒక్కసారికే పనికివస్తుంది, రెండోసారి తిప్పితే అవే విలువలు మళ్ళీ రావు. 2.0 కు మారి, మోడల్‌లో ఐడిని మ్యాప్డ్[ఇంట్] అని ప్రకటించి ఉంటే, స్కేలర్స్ ఫలితంలో ఉండేవి ఇంట్‌లే అని టైప్ చెకర్‌కు కూడా తెలుస్తుంది. అప్పుడు ట్యూపుల్‌ను ఇంట్‌గా వాడే పంక్తులను అదే ఎత్తి చూపిస్తుంది. ‘ఇన్’ పోలికల విషయంలో మైపై అనే టైప్ చెకర్ డిఫాల్ట్‌గా నోరు మెదపదు, స్ట్రిక్ట్ ఈక్వాలిటీ అనే ఆప్షన్ పెట్టాలి. లూపులు మార్చడానికి ముందే దాన్ని పెట్టి ఒకసారి నడిపించండి, మొదట ఏ ఫైల్ తెరవాలో తెలుస్తుంది.